అఫ్లుయెంట్: ఎవరికి అతుకుతుంది, ఎక్కడ అతకదు

నిఘంటువు తీస్తే అఫ్లుయెంట్‌కి ఎదురుగా ‘ధనిక’, ‘సంపన్న’ అని ఉంటుంది. పరీక్షలో ఖాళీ పూరించడానికి అది చాలు. సొంతంగా వాక్యం రాయబోతేనే చిక్కు. రిచ్, వెల్తీ, అఫ్లుయెంట్, ఆప్యులెంట్, ప్రాస్పరస్, వెల్ ఆఫ్ అన్నిటికీ దాదాపు అదే అర్థం రాసి ఉంటే ఏది ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఈ మాటని అర్థం పట్టుకుని కాక, దాని పక్కన వచ్చే నామవాచకాలు పట్టుకుని నేర్చుకోవాలంటాను. ఎవరి పక్కన కూర్చుంటుందో తెలిశాక అర్థం దానంతటదే కుదురుకుంటుంది.

ముందు పలకడం సంగతి. తెలుగులో అఫ్లుయెంట్ అని రాసుకుంటున్నాం గానీ, మొదటి అచ్చు మన ‘అ’ కాదు. యాక్టర్, యాపిల్ అనేటప్పుడు ఇంగ్లీషువాళ్ల నోట వచ్చే అచ్చు అది. ఊనిక, అంటే ఒత్తి పలకడం, కూడా దాని మీదే పడాలి. అమెరికాలో కొందరు రెండో అక్షరం మీద, అంటే ‘ఫ్లు’ మీద ఊనుతారు. అక్కడి నిఘంటువులు ఆ ఉచ్చారణనీ ఒప్పుకుంటాయి. అయినా నేర్చుకునేవాళ్లు మొదటిదానికే కట్టుబడటం మేలు. ఊనిక ‘ఫ్లు’ మీదకి జారితే, వినేవాళ్లకి అది ‘ఎ ఫ్లుయెంట్’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఎ ఫ్లుయెంట్ స్పీకర్’ అంటే గడగడా మాట్లాడేవాడు, ‘యాన్ అఫ్లుయెంట్ స్పీకర్’ అంటే డబ్బున్న ఉపన్యాసకుడు. ఈ రెంటినీ విడదీసేది ముఖ్యంగా ఆ ఊనికా, ముందొచ్చే ‘యాన్’లోని నకారమూ. ‘హి స్పీక్స్ అఫ్లుయెంట్ ఇంగ్లీష్’ అని దరఖాస్తులో రాసేవాళ్లు లేకపోలేదు. అలా రాస్తే డబ్బున్న ఇంగ్లీషు మాట్లాడతాడన్నట్టు ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు.

ఇక స్పెల్లింగ్. ఎ తర్వాత రెండు ఎఫ్‌లు, ఆపైన ఎల్, యు, ఇ, ఎన్, టి. తప్పు జరిగేవి రెండు చోట్ల: ఒక ఎఫ్ రాసి ఊరుకోవడం, చివర్లో ఇ బదులు ఎ రాయడం. మొదటిది ఎందుకు తప్పో తెలిస్తే మళ్లీ చేయం. లాటిన్‌లో ‘ఫ్లుఎరె’ అంటే పారడం. దాని ముందు ‘అద్’ అనే ఉపసర్గ చేరింది, ‘వైపుకి’ అని దాని అర్థం. ‘అద్’ చివరి దకారం పక్కనున్న ఎఫ్‌లో కలిసిపోయి తనూ ఎఫ్ అయింది. సత్ + జనుడు సజ్జనుడు అయినట్టు, ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టు. మన సంధిలో ద్విత్వం ఎలా మిగిలిందో అక్కడ రెండు ఎఫ్‌లు అలా మిగిలాయి. అఫెక్ట్, అఫిక్స్, అఫర్మ్ మాటల్లో రెండేసి ఎఫ్‌లకీ ఇదే కారణం. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే స్పెల్లింగులు బట్టీ పట్టే పని చాలా తగ్గుతుంది.

అంటే వ్యుత్పత్తి ప్రకారం అఫ్లుయెంట్ అంటే ‘ఇటువైపు పారివచ్చేది’. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ అర్థంతోనే వచ్చింది. ధారాళంగా వచ్చేది, సమృద్ధిగా ఉండేది అని వాడేవారు. డబ్బున్నవాళ్లన్న అర్థం తర్వాతెప్పుడో బలపడింది. పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. భూగోళశాస్త్రంలో అఫ్లుయెంట్ నామవాచకంగా వస్తే ఉపనది. ఇంగ్లీషులో ఇది ఇప్పుడు అరుదు, ట్రిబ్యుటరీ అనే అంటారు. ఫ్రెంచిలో మాత్రం ఉపనదికి ఈ రోజుకీ మామూలు మాట ‘అఫ్లుయాఁ’యే, స్పానిష్‌లో ‘అఫ్లువెంతె’. నదుల గురించి ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన పాత అనువాదాల్లో ‘అఫ్లుయెంట్స్’ అని బహువచనం కనిపిస్తే అక్కడ ధనవంతుల కోసం వెతక్కండి.

ఫ్లూయిడ్, ఫ్లుయెంట్, ఇన్‌ఫ్లుయెన్స్, కాన్‌ఫ్లుయెన్స్, సూపర్‌ఫ్లుయస్, ఇన్‌ఫ్లుయెంజా, అన్నీ ఆ పారే ధాతువు సంతానమే. చిత్రమేమిటంటే అచ్చంగా పారడమనే అర్థమున్న ఇంగ్లీషు ‘ఫ్లో’ మాత్రం ఆ ఇంటిది కాదు. అది జర్మానిక్ మూలం నుంచి వచ్చింది, పోలిక యాదృచ్ఛికం. ఆ కుటుంబంలో జాగ్రత్తగా ఉండాల్సిన తోబుట్టువు ఎఫ్లుయెంట్. అక్కడ ఉపసర్గ ‘ఎక్స్’, అంటే బయటికి. కర్మాగారం నుంచీ మురుగుశుద్ధి కేంద్రం నుంచీ బయటికి వచ్చే నీళ్లు ఎఫ్లుయెంట్. ఒక్క అచ్చు మారితే చాలు, ‘అఫ్లుయెంట్ ఏరియా’ కాస్తా మురుగు పారే పేట అవుతుంది. స్పెల్ చెకర్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్న మాటలే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అఫ్లుయెంట్ ఎక్కువగా ఎవరి పక్కన కనిపిస్తుంది? ఫ్యామిలీ, హౌస్‌హోల్డ్, నైబర్‌హుడ్, సబర్బ్, ఏరియా, సొసైటీ, కంట్రీ, కన్స్యూమర్స్, కస్టమర్స్, బ్యాక్‌గ్రౌండ్, లైఫ్‌స్టైల్. ఈ జాబితాని ఒకసారి తేరిపార చూడండి. దాదాపు అన్నీ మందికీ, మంది ఉండే చోటికీ, వాళ్లు బతికే తీరుకీ సంబంధించినవి. విడిగా ఒక్క మనిషి మీద ఈ మాట వేయడం వ్యాకరణరీత్యా తప్పేం కాదు, కానీ తక్కువ. ‘మా మేనమామ అఫ్లుయెంట్’ అంటే సర్వే నివేదికలోంచి చదివినట్టు ఉంటుంది. ‘హి ఈజ్ రిచ్’, ‘హి ఈజ్ వెల్ ఆఫ్’ అనేస్తారు. మన గురించి మనం చెప్పుకునేటప్పుడైతే ఇంకా ఎబ్బెట్టు. ఉన్నవాళ్లు మర్యాదగా చెప్పుకునే మాట ‘వి ఆర్ కంఫర్టబుల్’. లోటు లేకుండా గడుస్తోందని అర్థం, ఎంత ఉందో ఎదుటివాడి ఊహకి వదిలేయడం.

రెండో లక్షణం స్థాయి. అఫ్లుయెంట్ అంటే కోట్లకి పడగలెత్తినవాడు కానక్కర్లేదు. అవసరాలన్నీ తీరి, కోరికల మీద ఖర్చు పెట్టడానికి చేతిలో డబ్బు మిగులుతూ ఉంటే చాలు. దీనికి నాకు తెలిసిన గట్టి రుజువు బ్రిటన్ సమాజశాస్త్రంలో ఉంది. 1960లలో జాన్ గోల్డ్‌థార్ప్, డేవిడ్ లాక్‌వుడ్ తదితరులు లూటన్ పట్టణంలో వాక్స్‌హాల్ కార్ల కర్మాగారంలోనూ మరి రెండు సంస్థల్లోనూ పనిచేసే కార్మికుల మీద పరిశోధన చేశారు. చేతినిండా జీతం వస్తున్న కార్మికుడు మధ్యతరగతివాడిగా మారిపోతున్నాడా అన్నది ప్రశ్న. ఆ కార్మికులకి వాళ్లు పెట్టిన పేరు ‘అఫ్లుయెంట్ వర్కర్’. యంత్రం దగ్గర షిఫ్టుల్లో నిలబడే మనిషిని ఎవరూ ‘రిచ్ వర్కర్’ అనరు, ‘వెల్తీ వర్కర్’ అసలే అనరు. అఫ్లుయెంట్ మాత్రం అక్కడ చక్కగా ఒదిగింది. ఇటువైపు కొస కూడా చూడాలి: ‘అఫ్లుయెంట్ బిలియనీర్’ అని ఎక్కడా కనపడదు, ఆ మనిషికి ఈ మాట చాలదు కాబట్టి.

అంతకు కాస్త ముందు, 1958లో, ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ తన పుస్తకానికి ‘ది అఫ్లుయెంట్ సొసైటీ’ అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికాలో ఇళ్లలో సరుకులు నిండుతున్నాయి, బడులూ పార్కులూ వీధులూ మాత్రం వెనకబడుతున్నాయి అన్నది ఆయన ఫిర్యాదు. ఈ మాట పత్రికల భాషలోకి దిగి అక్కడే స్థిరపడటంలో ఆ పుస్తకం పాత్ర పెద్దదే. అప్పటినుంచి అఫ్లుయెంట్‌కి ఒక చల్లని, లెక్కలు చూసే స్వరం అబ్బింది. రిచ్ అనడంలో ఈర్ష్యో, ఎత్తిపొడుపో, ఆరాధనో తొంగిచూస్తాయి. అఫ్లుయెంట్‌లో అవేవీ లేవు. స్థిరాస్తి ప్రకటనలూ బ్యాంకులూ మార్కెట్ పరిశోధకులూ దాన్ని అంతగా ఇష్టపడటానికి కారణం ఇదే అనుకుంటాను. ఎవర్నీ నొప్పించకుండా డబ్బు మాట ఎత్తవచ్చు.

ఆదాయం వేరు, ఆస్తి వేరు అనే తేడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఆర్థికశాస్త్రంలో వెల్త్ అంటే ఒకానొక రోజున ఉన్న ఆస్తుల విలువలోంచి అప్పులు తీసేయగా మిగిలేది. అది నిల్వ. ఆదాయం నెలనెలా, ఏడాదికేడాది వచ్చేది. అది ప్రవాహం. పెద్ద జీతం, పెద్ద ఇల్లు, ఆ ఇంటి మీద పెద్ద అప్పు ఉన్న కుటుంబానిది అఫ్లుయెంట్ లైఫ్‌స్టైలే, కానీ ఆ కుటుంబాన్ని వెల్తీ అనడానికి లెక్క కుదరదు. వందల ఎకరాలుండి చేతిలో పైకం ఆడనివాడు వెల్తీ కావచ్చు, అతని బతుకు అఫ్లుయెంట్‌గా కనిపించకపోవచ్చు. అలాంటివాణ్ని ‘అసెట్ రిచ్, క్యాష్ పూర్’ అంటారు. నిఘంటువులు ఈ గీత ఇంత గట్టిగా గీయవు, చాలామంది రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. అయినా రాసేటప్పుడు రెంటిలో ఏది అని తటపటాయిస్తే, రాబడి, ఖర్చు పెట్టే తాహతు గురించైతే అఫ్లుయెంట్, కూడబెట్టిన ఆస్తి గురించైతే వెల్తీ అనుకుంటే అరుదుగానే తప్పుతుంది. మాట పుట్టుకలో ఉన్న పారడం ఈ తేడా గుర్తుంచుకోవడానికి సాయపడుతుంది.

బ్యాంకులవాళ్లు మాత్రం రాబడిని కాక ఆస్తిని కొలతగా పెట్టుకుని ఈ మాటని అంకెల్లోకి దింపారు. పెట్టుబడి పెట్టగల ఆస్తి పది లక్షల డాలర్లు దాటితే ‘హై నెట్‌వర్త్’, మూడు కోట్ల డాలర్లు దాటితే ‘అల్ట్రా హై నెట్‌వర్త్’ అనడం ఆ రంగంలో వాడుక. ఉంటున్న ఇంటి విలువని సాధారణంగా ఇందులో కలపరు. పది లక్షలకి కింద, మామూలు ఖాతాదారులకి పైన ఉన్న పెద్ద గుంపు ‘మాస్ అఫ్లుయెంట్’. కింది గీత తరచుగా లక్ష డాలర్ల దగ్గర గీస్తారు గానీ, సంస్థకో లెక్క. ఇక్కడ కూడా గమనించండి, అఫ్లుయెంట్‌కి దొరికింది అట్టడుగు మెట్టూ కాదు, పై మెట్టూ కాదు.

మిగతా మాటల్ని త్వరగా చూసేద్దాం. రిచ్‌కి ఉన్నంత విస్తారం దేనికీ లేదు: నేల, రంగు, కంఠం, వెన్న తేలే వంటకం, చరిత్ర, ఖనిజాలు అన్నిటికీ పనికొస్తుంది. ‘రిచ్ ఇన్ ఐరన్’, ‘ఆయిల్-రిచ్’, ‘ప్రోటీన్-రిచ్’ అనొచ్చు. ఈ చోట్లలో ఒక్కదానిలోనూ అఫ్లుయెంట్ పెట్టలేం. ‘అఫ్లుయెంట్ ఫుడ్’ అనేది లేదు. ‘గెట్ రిచ్’ ఉంది, ‘గెట్ అఫ్లుయెంట్’ లేదు. నిదానంగా, ఓ తరంలో జరిగే మార్పుకైతే ‘బికమ్ మోర్ అఫ్లుయెంట్’ అంటారు, అది కూడా సమాజాలకీ దేశాలకీ. లాటరీ తగిలినవాడు రాత్రికి రాత్రి రిచ్ అవుతాడు గానీ అఫ్లుయెంట్ అవడు. ‘ఫిల్తీ రిచ్’ అని తిట్టవచ్చు, ‘ఫిల్తీ అఫ్లుయెంట్’ అని తిట్టడం కుదరదు.

ఆప్యులెంట్ కంటికి కనిపించే వైభవం. భవనం, హాలు, హోటల్, నగలు, విందు దాని పక్కన వస్తాయి. ‘అఫ్లుయెంట్ ప్యాలెస్’ అని రాస్తే తప్పు, ‘ఆప్యులెంట్ ప్యాలెస్’ అనాలి. ప్రాస్పరస్‌లో ఎదుగుదల ఉంది: వ్యాపారం, రేవు పట్టణం, మంచి పంట పండిన ఏడాది. కొత్త సంవత్సరం శుభాకాంక్షల్లో ప్రాస్పరస్ అంటారే తప్ప అఫ్లుయెంట్ అనరు. వెల్-హీల్డ్ కొంచెం కొంటెతనం ఉన్న మాట, దానికి వ్యతిరేకం మడమలు అరిగిన చెప్పులతో తిరిగే ‘డౌన్ ఎట్ హీల్’. లోడెడ్ స్నేహితుల మధ్య మాట, వ్యాసంలో వద్దు.

వెల్ ఆఫ్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. నామవాచకానికి ముందొస్తే మధ్యలో హైఫన్ పెడతారు, వాక్యం చివర క్రియ తర్వాతొస్తే చాలామంది పెట్టరు. దాని తరతమ రూపం ‘మోర్ వెల్ ఆఫ్’ కాదు, ‘బెటర్ ఆఫ్’. ఈ బెటర్ ఆఫ్‌కి డబ్బుతో సంబంధం లేని ఇంకో పని కూడా ఉంది: ‘యు ఆర్ బెటర్ ఆఫ్ వితౌట్ ఇట్’ అంటే అది లేకపోవడమే నీకు మంచిది అని.

అఫ్లుయెంట్ వ్యాకరణంలో మనవాళ్లు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ముందు ‘ది’ పెట్టి ‘ది అఫ్లుయెంట్’ అంటే ఉన్నవాళ్లంతా అని సమూహార్థం. చివర ఎస్ చేరదు, క్రియ మాత్రం బహువచనమే: ‘ది అఫ్లుయెంట్ ఆర్’. తెలుగులో ధనికుడు, ధనికులు అని మార్చుకునే అలవాటుతో ‘అఫ్లుయెంట్స్’ అనేస్తాం, అదేమో ఉపనదులైపోతుంది. ఒక్కరే అయితే ‘యాన్ అఫ్లుయెంట్’ అని ఆపకూడదు, వెనక పర్సనో కస్టమరో రావాలి. తరతమ భావానికి ‘మోర్’, ‘మోస్ట్’ వాడాలి, రిచర్, వెల్తియర్ లాగా చివర ఈఆర్ తగిలించడం కుదరదు. ‘వెరీ’, ‘ఫెయిర్లీ’, ‘ఇంక్రీజింగ్లీ’, ‘రెలెటివ్లీ’ ముందు చక్కగా ఒదుగుతాయి. నామవాచకం అఫ్లుయెన్స్. అఫ్లుయెన్సీ అని రాసేవాళ్లున్నారు, మానేయండి, అది ఫ్లుయెన్సీని చూసి పెట్టిన వాత. పలుకుబడి ఉన్నవాడని చెప్పాలంటే ఇన్‌ఫ్లుయెన్షియల్. డబ్బూ పలుకుబడీ రెండూ ఉంటే రెండు విశేషణాలూ రాయడమే సబబు.

అఫ్లుయెన్స్‌కీ ఇన్‌ఫ్లుయెంజాకీ ముడిపెట్టి ‘అఫ్లుయెంజా’ అనే ఎగతాళి మాట పుట్టించారు. ఎంత ఉన్నా ఇంకా కావాలనే జబ్బు అని. 2013లో టెక్సస్‌లో తాగి వాహనం నడిపి నలుగురి చావుకి కారణమైన ఒక కుర్రాడి తరఫున, అతిగా డబ్బున్న ఇంట్లో పెరిగి మంచీచెడూ తెలియకుండా పోయిందనే వాదన కోర్టులో వినిపించేసరికి ఆ మాట వార్తల్లో మార్మోగింది. శిక్షగా జైలుకి బదులు పదేళ్ల ప్రొబేషన్, అంటే బయటే అధికారుల కనుసన్నల్లో ఉండటం, పడింది. వైద్యశాస్త్రం గుర్తించిన రోగమేమీ కాదది.

చివరికి తెలుగు చేయడం. ఎక్కడపడితే అక్కడ ‘సంపన్న’ వేసి దాటేయడం పత్రికల్లో రివాజు. అఫ్లుయెంట్ కంట్రీస్‌కి సంపన్న దేశాలు, అఫ్లుయెంట్ సొసైటీకి సంపన్న సమాజం బాగానే ఉన్నాయి. కానీ అఫ్లుయెంట్ ఏరియాని సంపన్న ప్రాంతం అంటే గనులో అడవులో ఉన్న ప్రాంతమేమో అనిపిస్తుంది. డబ్బున్నవాళ్లుండే పేట అనడమే మేలు. అఫ్లుయెంట్ ఫ్యామిలీకి కలిగిన కుటుంబం, ‘ఫ్రమ్ యాన్ అఫ్లుయెంట్ బ్యాక్‌గ్రౌండ్’కి ఉన్నింటి బిడ్డ. అఫ్లుయెంట్ కస్టమర్స్ అంటే ఖర్చు పెట్టగల స్తోమత ఉన్న కొనుగోలుదారులు. ఒక్క మనిషిని అనాల్సి వస్తే స్థితిమంతుడు అన్న మాట స్థాయిలోనూ స్వరంలోనూ దీనికి అన్నిటికంటే దగ్గర. శ్రీమంతుడు, కోటీశ్వరుడు, ఐశ్వర్యవంతుడు మరీ ఎత్తుకి వెళ్లిపోతాయి. మోతుబరిలో పొలం వాసన ఉంది, ఊళ్లో పెత్తనం కూడా ఉంది, అఫ్లుయెంట్‌లో ఆ రెండూ లేవు. బలిసినవాళ్లు అనేది ఇంగ్లీషు మాటలో లేని కసిని తెచ్చిపెడుతుంది.

‘లెస్ అఫ్లుయెంట్’ అనేది ఇంకో మెలిక. మాట ప్రకారం తక్కువ సంపన్నులు అనుకుంటాం. నివేదికల్లో అది చాలాసార్లు పేదలు అనడానికి నాజూకు పేరు. ‘స్కూల్స్ ఇన్ లెస్ అఫ్లుయెంట్ ఏరియాస్’ అన్న వాక్యంలో ఆ పేటలవాళ్లకి ఎంతో కొంత సంపద ఉందని రచయిత చెప్పట్లేదు. అంతంతమాత్రంగా బతికే పేటల్లోని బడులు అని రాస్తే అర్థం నిలుస్తుంది, ఆ నాజూకుతనమూ కాస్త మిగులుతుంది. ముందూవెనకా అంకెలు చూసి, వాళ్లు నిజంగా పేదలేనని తేలితే పేద పేటలనే రాయండి.